రాయిని జరిపింది నేనే

సర్వే సారు పోయాడని నాకు పోయిన మంగళవారం తెలిసింది. ఒకప్పుడు ఆయన దగ్గర కొలత గొలుసు మోసిన మా వాడ మనిషి పాలమూరు పోయి వస్తూ, బస్సు దిగిన చోటే చెప్పాడు. పొద్దున చాయ తాగి, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడట. పింఛను మొదలై నిండా రెండేళ్ళు కాలేదు. నేను కలుపు తీసి వస్తున్నాను. చేతుల మట్టి కడుక్కోకుండా అట్లాగే గట్టు మీద కూర్చుండిపోయాను.

ఆ కబురు హోటల్ దాకా పోయేసరికి దాని తీరే మారింది. బెంచీ మీద కూర్చున్న పటేలు కొడుకు, "కాలువను వంకర తిప్పిన సారు పోయిండట గదా," అన్నాడు. నలుగురు నవ్వారు. ఆ నలుగురిలో ఇద్దరి పొలాలకు పారేది ఆ కాలువ నీళ్ళే.

నాకు అక్షరం రాదు. నేను చెప్తుంటే మా బడి పంతులమ్మ రాస్తున్నది. మాటలు పుస్తకంలో రాసే తీరుగా దిద్దుకుంటానంటే సరేనన్నాను. సంగతి మాత్రం దిద్దొద్దన్నాను. కాలువ ఎందుకు వంకర పోయిందో ఆయనకు తెలుసు, నాకు తెలుసు. ఆయన చెప్పకుండానే పోయాడు. ఇక మిగిలింది నేను.

సారుది నారాయణపేట. తురకల ఇంటి బిడ్డ. మా ఊరికి కాలువ గీత గీయడానికి వచ్చినప్పుడు ఆయన తలకు అప్పుడప్పుడే తెల్ల వెంట్రుకలు వస్తున్నాయి. నాకంటే కొంచెం చిన్న కాబట్టి అక్కా అనేవాడు. ఎర్ర తెల్ల పట్టీల కర్ర పట్టుకుని గుట్టల మీద నిలబడడానికి మనుషులు కావాలంటే నేనూ పోయాను. గొలుసు మోసేవాళ్ళలో ఒకడు, ఆడమనిషి గుట్ట ఎక్కుతుందా అని ఇకిలించాడు. "కట్టెల మోపుతోని రోజూ దిగేది ఎవరు మరి, మీ తాతనా?" అన్నాను. సారు నవ్వు ఆపుకుంటూ కర్ర తెచ్చి నా చేతికే ఇచ్చాడు.

ఆయన దగ్గర ఒక పెద్ద గొడుగు ఉండేది. దాని కింద ఆయన నిలబడగా నేను ఏనాడూ చూడలేదు. మూడు కాళ్ళ దుర్బిణి మీద దాన్ని పట్టించి, తాను ఎండలో నిలబడి చూసేవాడు. ఎండ తగిలితే మనిషి తట్టుకుంటాడు, దుర్బిణి చూపు తప్పుతుంది అనేవాడు. మాడిపోయిన మెడ మీద తడి రుమాలు వేసుకునేవాడు. నేను తెచ్చిన అంబలిని, ఉల్లిగడ్డ కొరుక్కుంటూ, నాతోపాటే కూర్చుని తాగేవాడు.

కాలువ కొలతలకు ఆధారం మా మెట్ట చెలక పక్కన ఉన్న ఒక రాయి. దాని మీద సర్కారు చెక్కిన బాణం గుర్తు ఉంది. ఆ రాయి ఎక్కడుందో, ఎంత ఎత్తున ఉందో ఆయన పుస్తకంలో పాత సర్వేవాళ్ళు రాసిపెట్టారు. మాకు మాత్రం అది అమ్మ. పసుపు పూసి, బొట్లు పెట్టి, ఏటేటా బోనం చేస్తాము. సారు దుర్బిణిని ఆ రాయి మీదుగా నిలబెట్టే ముందు చెప్పులు విప్పి దూరం పెట్టేవాడు. మొదటి రోజు నా వైపు తిరిగి, అమ్మ నెత్తి మీద కాళ్ళు పెడుతున్నందుకు నువ్వే ఒక మాట చెప్పుకో అక్కా అన్నాడు.

నా గుండెలో రాయి పడింది అప్పుడే. ఎందుకంటే ఆ రాయి మొదట అక్కడ లేదు.

నా బిడ్డకు అమ్మవారు పోసిన ఏడు, ఆ రాయి పటేలు బత్తాయి తోట వెనక దిబ్బ మీద ఉండేది. నేను దానికి పసుపు పెట్టి మొక్కుకున్నాను. బిడ్డ దక్కింది. తర్వాత మా వాడ ఆడవాళ్ళందరూ పోవడం మొదలుపెడితే పటేలు జీతగాళ్ళు తిట్టి తరిమారు. నాకు రోషం వచ్చింది. మా ఆయన, నేను కలిసి ఆ రాయిని పెకిలించి, గోనెలో చుట్టి, కిందికి దొర్లించుకొచ్చి మా చెలక పక్కన నిలబెట్టాము. అమ్మే నడిచి వచ్చిందని వాడంతా చెప్పుకున్నది. నేను కాదనలేదు. మా ఆయన పోయాక ఆ సంగతి నా ఒక్కదాని కడుపులోనే ఉండిపోయింది.

మొదటి ఏడు గొలుసుతో కొలిచి, ఆ రాయి నుంచి గూటాలు పాతుకుంటూ పోయారు. మరుసటి ఏడు ఆఫీసుకు దూరం కొలిచే లైటు డబ్బా వచ్చింది. చెడిపోతే ఎవరు జవాబు చెప్పాలని మిగతా సర్వేవాళ్ళు దాన్ని పెట్టెలోంచి తీయనేలేదట. ఈయన అడిగి తెచ్చుకున్నాడు. దానితో వచ్చిన పుస్తకాన్ని అన్నం తింటూ కూడా చదివేవాడు. పచ్చిపులుసు మరకలు పడని పేజీ లేదు. డబ్బాను గుట్ట మీద పెట్టి నా చేతిలోని అద్దం వైపు తిప్పితే, కంటికి కనిపించని వెలుగు ఒకటి వచ్చి అద్దానికి తగిలి తిరిగిపోయేది. డబ్బా మీద ఎంత దూరమో అంకెలు పడేవి. గొలుసుతో పూటంతా పట్టే పని బీడీ ముట్టించేలోపు అయిపోయేది. గొలుసువాళ్ళు మా బతుకేం కావాలని గొణిగితే, వాళ్ళను ఒక్కొక్కరినే పిలిచి డబ్బాలో చూడడం నేర్పాడు.

ఒకనాడు నన్ను అద్దం పట్టుకుని అమ్మ పక్కన నిలబడమన్నాడు. ఒక గుట్ట మీది నుంచి కొలిచాడు. ఇంకో గుట్ట ఎక్కి మళ్ళీ కొలిచాడు. తెల్లారి మళ్ళీ అదే పని. డబ్బా ఎప్పుడూ ఒకే మాట చెప్తున్నది, పాత సర్వే పుస్తకం ఇంకో మాట చెప్తున్నది. పెద్ద సారు జీపులో వచ్చి, డబ్బా ఖరాబై ఉంటుంది, పుస్తకంలో ఉన్నట్టే రాసెయ్యమన్నాడు. వానలు వెనకపడగానే తవ్వకం మొదలు కావాలి.

సారు రాయలేదు. నా దగ్గరికి వచ్చి, "అక్కా, గీ రాయి ఎన్నడన్న జరిగిందా?" అని అడిగాడు.

నేను అబద్ధమాడాను. అమ్మను ఎవరు జరుపుతారు సారూ అన్నాను. సర్కారు రాయిని ముట్టుకుంటే జైలని పట్వారీ చెప్పిన మాట నాకు గుర్తుంది. వాడంతా నన్ను దొంగ అంటుందన్న భయం అంతకంటే పెద్దది.

ఆయన మళ్ళీ అడగలేదు. తొమ్మిది రోజులు గుట్టలు ఎక్కుతూ దిగుతూనే ఉన్నాడు. తొమ్మిదో రోజు మధ్యాహ్నం అంబలి ముందు పెట్టుకుని తాగకుండా కూర్చున్నాడు. మా నారాయణపేటలో మగ్గం మీద మొదట్లో ఒక్క పోగు జరిగితే చీర చివరిదాకా అంచు వంకరే పోతుంది అక్కా, ఇక్కడ రాయి మనిషెత్తు కిందికి జరిగిందనుకో, కాలువ తవ్వుతారు గాని చివరి ఊళ్ళకు నీళ్ళు ఎక్కవు అన్నాడు. నన్ను అనుమానించి అన్నాడో, తనలో తాను అనుకున్నాడో ఇప్పటికీ తెలియదు.

మా ఊరూ ఆ చివరి ఊళ్ళలో ఒకటి. "జరిపింది నేనే సారూ," అన్నాను.

ఆయన అంబలి గిన్నె పక్కకు పెట్టాడు. తర్వాత లేచి, గడ్డపార తీసుకుని చూపించమన్నాడు. దిబ్బ మీద పాత చోటు నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు. మోకాలి లోతు తవ్వగానే కింద ఇంకో చిన్న రాయి, దాని మీద కూడిక గుర్తు కనిపించాయి. పైరాయి పోయినా చోటు పోకుండా పాత సర్వేవాళ్ళు కింద దాచిపెట్టిన గుర్తట అది. సారు దాని మట్టిని రుమాలుతో తుడిచి, చంటిబిడ్డ తల నిమిరినట్టు నిమిరాడు. తర్వాత నన్ను ఒక్కటే అడిగాడు.

"ఎవ్వరికన్న చెప్పినవా?"

"లేదు."

"చెప్పకు."

పాత గూటాలు పీకి కొత్తవి పాతారు. కొత్త గీత పటేలు బత్తాయి తోట అంచులోంచి వంపు తిరిగి పోయింది. ముందరి ఏడు కొలతలో పొరపాటు తనదేనని సారు కాగితం రాసిచ్చాడు. ఆయనకు మెమో వచ్చింది. ఆయనకు రావలసిన పెద్ద కుర్చీలో ఆయన వెనకవాడు కూర్చున్నాడు. ఆయనను ఆత్మకూరు వైపు బదిలీ చేశారు. కక్షతో వంకర తిప్పాడని పటేలు ఊరంతా చెప్పుకున్నాడు. నేను నోరు మూసుకుని విన్నాను.

కాలువలో నీళ్ళు వచ్చిన ఏడు చూడడానికి వచ్చాడు. ఎందుకు మీద వేసుకున్నావని అడిగాను. "నీ మీదైతే కేసు అయితది. నా మీదైతే కాగితమే అయితది అక్కా, ఫికర్ చెయ్యకు," అన్నాడు. అమ్మను వెనక్కి తీసుకుపోతావా అంటే, పుస్తకంలో పాత రాయి పోయిందని రాసేశాను, ఇది మీ అమ్మే అన్నాడు. దిబ్బ మీద ఆయన పాతించిన కొత్త రాయి దగ్గరికి ఇద్దరం పోయాము. "దీనికి మాత్రం పసుపు పెట్టకు. మళ్ళ నడుస్తది," అని నవ్వాడు.

ఆనాడే ఇంకో మాట చెప్పాడు. ముందు ముందు ఒక డబ్బా వస్తుందట. అద్దం పట్టే మనిషే అక్కర లేకుండా గుట్టనంతా అదే చూసి, రాయి రాయినీ నక్షాలో దింపుతుందట. అప్పుడు నాకేం పని సారూ అన్నాను. ఆయన రాయి వైపు చూసి, "ఇది ఇక్కడికి ఎట్ల వచ్చిందో చెప్పనీకె నువ్వు కావాలె గదా," అన్నాడు.

అందుకే చెప్తున్నాను. సర్కారు రాయిని జరిపింది నేను. ఆయన కొలత ఏనాడూ తప్పు పోలేదు. కేసు పెట్టేవాళ్ళుంటే రండి, ఇంట్లోనే ఉంటాను. హోటల్ బెంచీ ముందు నిలబడి నిన్న ఇదే చెప్పాను. పటేలు కొడుకు చాయ గ్లాసు కింద పెట్టి ఎటో చూశాడు. ఈసారి బోనాల నాడు అమ్మ ముందు నిలబడి వాడలో అందరికీ చెప్తాను.

నిన్న హోటల్ దగ్గరి నుంచి అటే పోయి దిబ్బ ఎక్కాను. కొంగులో పసుపు కట్టుకుని పోయానని చేయి పెట్టేదాకా నాకే గుర్తులేదు. మళ్ళీ ముడి వేసుకున్నాను. చెప్పులు విప్పి దూరం పెట్టాను. మధ్యాహ్నపు ఎండ. గొడుగు లేదు. నా నీడ రాయి మీద పడేటట్టు జరిగి నిలబడ్డాను. పొద్దు వాలుతుంటే నీడ పక్కకు పోయేది. అది మళ్ళీ రాయి మీదికి వచ్చేటట్టు నేనూ ఒక్కో అడుగు జరిగాను.