మడమ ఆనని నడక

చచ్చినవాళ్ళు తిరిగొస్తారంటే నమ్మే మనిషిని కాదు నేను. ఫరీదాబాద్‌లో ఒక ఆసుపత్రిలో ఆయాగా పనిచేసి మానేశాను. పోయినవాళ్ళకి ఒళ్ళు తుడిచి, దవడకి గుడ్డ కట్టి, మార్చురీ దాకా స్ట్రెచర్ తోసిన చేతులివి. వాళ్ళలో ఒక్కరు కూడా లేచి నన్ను పలకరించలేదు. దయ్యాన్ని చూశానని ఎవరైనా చెబితే ముందు జ్వరం ఉందేమో చూసుకోమనేదాన్ని.

అక్షరాలు నాకు యాభై దాటాక చర్చిలో నేర్పారు. అందంగా రాయడం రాదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. మా అక్క ఎస్తేరు కాన్పులో పోయింది. బిడ్డ బతికాడు. ఆ బిడ్డ కోసమే మా బావకి నన్నిచ్చి చేశారు. బావకి ఫరీదాబాద్‌లో ఫ్యాక్టరీ పని. పసివాణ్ణి ఒళ్ళో పెట్టుకుని రైలెక్కి వచ్చాను. వాడే ప్రభు. నాకంటూ కడుపు పండలేదు. ప్రభు చిన్నగా ఉండగానే బావ కూడా పోయాడు. పెంచింది నేను, చదివించింది నేను. వాడు మాత్రం నన్ను పిన్ని అనే పిలుస్తాడు. వాళ్ళ నాన్న నేర్పిన పిలుపు. వరసకి సరైనదే. వినబడిన ప్రతిసారీ గుచ్చుకునేది.

అక్క మీద నాకు అసూయ. ఇందులో దాచేదేం లేదు. గోడమీద ఆమె ఫోటో ఒకటి ఉంది, పెళ్ళినాటిది. ఆమెకి వయసు రాదు, విసుగు రాదు, బిడ్డని ఎన్నడూ కొట్టలేదు. కొట్టినదాన్ని నేనే.

ప్రభు డిగ్రీ అవగొట్టి యానిమేషన్ చేస్తానన్నాడు. కంప్యూటర్‌లో బొమ్మల్ని కదిలించే పని. ఏ కోచింగ్‌లోనూ చేరలేదు, అంతా నెట్‌లోనే నేర్చుకున్నాడు. ఆ పనివాళ్ళందరూ, ఏయే దేశాలవాళ్ళో, కలుసుకునే సైట్ ఒకటి ఉండేది. పాఠాలు అందులోనే, సాధన చేసుకోవడానికి ఉచితంగా బొమ్మలూ అందులోనే. మనం చేసింది అక్కడ పెడితే తప్పొప్పులు చెప్పేవాళ్ళు. వాళ్ళని చూసినా నాకు కుళ్ళే. నేను వండింది తింటూ, వాళ్ళు రాసింది చదివి నవ్వుకునేవాడు. వాళ్ళు బాగుందంటే ఆ రోజంతా ఈల వేసుకుంటూ తిరిగేవాడు. నేను బాగుందంటే, "అచ్ఛా పిన్నీ," అని ఊరుకునేవాడు.

అప్పుడే నోయిడాలో ఒక స్టూడియో వాళ్ళు ఉద్యోగానికి ఒక్కటే అడిగారు. ఒక మనిషి నడక చేసి పట్టుకురా, చాలు అన్నారు. నడకలో పనితనం బయటపడుతుందట. దానికి సైట్‌లో చెప్పే పద్ధతి ఒకటుంది. ఊహించి చెయ్యకూడదు. నిజం మనిషిని నడిపించి, వీడియో తీసి, అది చూస్తూ ఒక్కో అడుగూ బొమ్మకి దించాలి.

"పిన్నీ, నువ్వు నడువు," అన్నాడు.

ఎంత సంతోషపడ్డానో నాకే తెలుసు. ఉతికిన చీర కట్టుకుని మేడమీద ఆ చివరినుంచి ఈ చివరికి నడిచాను. బట్టలారేస్తున్న ఓనరమ్మ, "అరే దీదీ, ఇస్ ఉమర్ మే హీరోయిన్?" అని, ఈ వయసులో హీరోయిన్‌వా అన్నట్టు ఎగతాళి చేసింది. చేసుకోనీ అనుకున్నాను. నాది ఆసుపత్రి నడక. మడమ ముందు గట్టిగా పడుతుంది, చేతులు ఊగుతాయి, తల వంగదు. నేను వస్తున్నానంటే అడుగుల చప్పుడుకే వార్డు సర్దుకునేది.

కొన్నాళ్ళు కూర్చుని చేశాడు. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక పిలిచి చూపించాడు.

బూడిదరంగు బొమ్మ. ముఖం లేదు, జుట్టు లేదు, చీర లేదు. సన్నగా, చదునైన పొట్టతో ఉంది. అది నడిచింది.

ఎడమ మడమ కింద ఆనలేదు. వేళ్ళు మాత్రం ఆనించి, ఆ పక్క భుజం కొంచెం దించి, అప్పుడు కుడికాలు తీసింది. కుడిచెయ్యి వెనక్కి, నడుం మీదికి పోయింది.

అది నా నడక కాదు. అక్కది. చిన్నప్పుడు అక్క మడమలో గాజుపెంకు దిగింది. పుండు మానినా ఆ మడమ పూర్తిగా ఆనించేది కాదు. నెలలు నిండాక నడుం మీద చెయ్యి వేసుకుని, అచ్చం ఇలాగే, మా ఊరి ఆసుపత్రి వరండాలోంచి లోపలికి వెళ్ళింది. నేను సంచీ పట్టుకుని వెనకాల నడిచాను. అదే ఆఖరు.

ఆ మడమ సంగతి నేను ప్రభుకి చెప్పలేదు. బావ ఆమె మాటే ఎత్తేవాడు కాదు. ఫోటోలో పాదాలు కుచ్చెళ్ళ కింద ఉంటాయి. ఆమె కదులుతుండగా తీసిన వీడియో ఏదీ లేదు. మా రోజుల్లో మాలాంటి వాళ్ళకి వీడియోలెక్కడివి.

ఇలా ఎందుకు చేశావని అడిగాను. నీ వీడియో చూసే చేశాను కదా అని దాన్ని బొమ్మ పక్కన పెట్టి చూపించాడు. వీడియోలో నేను దబదబా నడుస్తున్నాను. పక్కన బొమ్మ అలా నడుస్తోంది. రెండూ చూసి వాడే తెల్లబోయాడు. చేస్తున్నంతసేపూ రెండూ ఒకటిగానే కనిపించాయట.

అప్పటికే దాన్ని సైట్‌లో పెట్టేశాడు. ఇంగ్లీషులో వచ్చిన జవాబులు నాకు చదివి చెప్పాడు. అందరూ మెచ్చుకున్నారు. అక్కడ వాళ్ళంతా గురువులా చూసే పెద్దాయన ఒకడు మాత్రం ఇలా రాశాడట. నడక చాలా బాగుంది, కానీ నడిచేది నిండు చూలాలు కదా, బొమ్మకి పొట్ట పెట్టలేదేం?

ప్రభు చదవడం ఆపేశాడు. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను. నేను ఏనాడూ మొయ్యని బరువు అది. నా నడకలోకి ఎక్కడినుంచి వస్తుంది?

భయం వేసిందా అంటే, వెయ్యలేదు. మండింది.

నేనే పొరబడ్డానేమోనని సరోజమ్మను పిలిపించాను. మా ఊరి మనిషే, ఫరీదాబాద్‌లో నేను పనిచేసిన ఆసుపత్రిలోనే నర్సు, అక్కతో కలిసి బడికెళ్ళింది. ఏమీ చెప్పకుండా తెర ముందు కూర్చోబెట్టాను. నీలా ఉందంటుందని ఆశ. ఆమె కాసేపు చూసి కళ్ళజోడు తీసింది.

"ఎస్తేరు కదే ఇది. మీకీ వీడియో ఎక్కడిది?" అంది.

పెట్టిన టీ తాగకుండానే వెళ్ళిపోయింది.

ఆమె అటు వెళ్ళగానే ప్రభుతో అన్నాను, "నడిచింది నేను. నాదే పంపు."

"ఇదే బాగుందంటున్నారు పిన్నీ. దీంతోనే జాబ్ వస్తుంది."

"రాకపోతే పోనీ."

అమ్మ నిజంగా ఇలాగే నడిచేదా అని మెల్లిగా అడిగాడు. లేదని చెప్పాలనిపించింది. అవునన్నాను. వాడు బొమ్మను మళ్ళీ నడిపించాడు. మళ్ళీ. పక్కన నేను నిలబడి ఉన్నానని కూడా మర్చిపోయి చూశాడు.

అయినా నా మాట తీసెయ్యలేదు. మొదటినుంచీ చేశాడు. ఈసారి నేను పక్కన స్టూలేసుకుని కూర్చున్నాను, మడమ గట్టిగా వెయ్యి, ఇంకా గట్టిగా అని చెబుతూ. నా నడకే వచ్చింది. పాతదాన్ని నా కళ్ళముందే కంప్యూటర్‌లోంచి చెరిపేశాడు. కొత్తదాన్ని రెండు సీడీల్లోకి ఎక్కించి, రెండూ వేసి చూశాం. ఒకటి ఇంట్లో ఉంచి, ఒకటి నోయిడాలో ఇచ్చి వచ్చాడు.

ఉద్యోగం వచ్చింది. గెలిచాననుకున్నాను.

కొన్ని నెలలకి వాళ్ళ ఆఫీసులో పండగ చేసి ఇంట్లోవాళ్ళని పిలిచారు. కొత్తగా చేరేవాళ్ళకి ప్రభు చేసిన నడకే చూపిస్తామని వాళ్ళ పెద్దసారు గొప్పగా చెప్పి, నా కోసం పెద్ద తెరమీద వేయించాడు.

బూడిదరంగు బొమ్మ. ఎడమ మడమ ఆనలేదు. చెయ్యి నడుం మీద ఉంది.

ప్రభు నా ముంజేయి పట్టుకున్నాడు. ఇది సైట్‌లోంచి తీసుకున్నారా అని అడిగాడు. ఏ సైటూ కాదు, నువ్విచ్చిందే అని సారు సీడీ తీసి చూపించాడు. పైన పేరు ప్రభు చేతిరాతే. ఇంతకీ ఇంత బాగా నడిచిందెవరని సారు నవ్వుతూ హిందీలో అడిగాడు.

"మేరీ మమ్మీ," అన్నాడు ప్రభు, నా చెయ్యి వదలకుండా.

అందరూ నావైపు తిరిగి చప్పట్లు కొట్టారు. దండం పెట్టాను. ఇంకేం చెయ్యను?

తిరుగు బస్సులో అడిగేశాను, మమ్మీ అన్నది ఎవర్నని. వాడు కిటికీవైపు తిరిగాడు.

"నడిచింది నువ్వే కదా పిన్నీ," అన్నాడు.

ఇంటికొచ్చి మా దగ్గరున్న సీడీ వేసి చూశాం. అందులో నేనే, మడమలు గట్టిగా వేసుకుంటూ. అది ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. అదీ, వాళ్ళ దగ్గరున్నదీ ఒకే పూట ఎక్కించినవి.

సీడీలు మారిపోయి ఉంటాయని చదువుకున్నవాళ్ళు అన్నారు. పాతది అంతకుముందే చెరిపేశాడని, రెండు సీడీలూ వేసి చూశాకే ఇచ్చామని చెప్పాను. పాస్టరుగారు ప్రార్థన చేద్దామన్నారు. చేశాం.

ఇది రాస్తుంటే ఒక సంగతి తట్టింది. ఆ వరండాలో నేను అక్క వెనకాల ఉన్నాను. ప్రభు ఆమె కడుపులో ఉన్నాడు. కడుపులో ఉన్నవాడికి అమ్మ మడమ ఆనిందో లేదో తెలుస్తుందా? నాకు తెలియదు. బయటికొచ్చాక వాణ్ణి వేలు పట్టుకుని నడిపించింది నేను. ఆ నడక ఎక్కడినుంచి వచ్చిందో ఈనాటికీ చెప్పలేను. రాకుండా ఉంటే బాగుండేదని మాత్రం ఈనాటికీ అనుకుంటాను.