ఆర్నెల్ల కట్టు

మొన్న మంగళవారం పొద్దున నర్సు పెద్దమ్మ పోయింది. కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, మంచం మీద నడుం వాల్చిందట. కోడలు టిఫినుకు లేపబోతే లేవలేదు. "మంచాన పడి ఒకళ్ల చేత చేయించుకోకుండా పోవాలిరా" అని చానాసార్లు అనేది. అలాగే పోయింది. ఏడ్చాను గానీ, ఏడుస్తూనే మనసు తేలికపడింది.

ఆమె ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. పిడుగురాళ్లలో మా పక్కిల్లు. చుట్టం కాదు, వీధి మొత్తానికీ పెద్దమ్మే.

నేను సున్నపురాయి లారీ నడుపుతాను. మూడేళ్ల కిందట గుంటూరులో నాకు గుండె బైపాస్ చేశారు. ఛాతీ ఎముకను నిలువునా కోసి, తీగలతో బిగించి పంపారు. నెల తిరిగాక కుట్ల అడుగున చిన్న రంధ్రం పడి నీరు కారసాగింది. మాత్రలు వేసుకుంటే మూసుకునేది, మళ్లీ తెరుచుకునేది. నేను పెద్దగా పట్టించుకోలేదు. పెద్దమ్మ మాత్రం ఛాతీ మీద అరచెయ్యి ఆనించి దగ్గమంది. దగ్గితే లోపల టక్కుమంది.

"ఒరేయ్, ఇది తోలు జబ్బు కాదు. ఎముక అతకలా. రేపే గుంటూరు పోదాం."

"లోడుంది పెద్దమ్మా. వారం ఆగి పోదాం."

"వారం ఆగితే లారీ తోలేది ఎవరంట? నువ్వా?"

తనే వెంట వచ్చింది. ఎముక ముక్క తీసి పరీక్షకు పంపారు. కొన్నాళ్లకు ఏమీ లేదని రిపోర్టు వచ్చింది. నేను సంతోషంగా లేచాను. ఆమె కుర్చీలోంచి కదల్లేదు.

"సార్, కొన్ని పురుగులు నిదానంగా పెరుగుతాయి గదా. ఆ ముక్కను ల్యాబులో ఇంకొన్నాళ్లు ఉంచి చూడమనండి" అని డాక్టరును బతిమాలింది.

అప్పుడు బయటపడింది, ఎముకను తినే అరుదైన బ్యాక్టీరియా. దాని పేరు ఇప్పటికీ నాకు నోరు తిరగదు. మళ్లీ ఛాతీ తెరిచి, చెడిన ఎముకను గీకేశారు. గాయం మానడానికి ఆర్నెల్లు పట్టింది.

ఆ ఆర్నెల్లూ రోజూ పొద్దున్నే వచ్చి కట్టు మార్చింది. మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకునేది. నేను విసుక్కుంటే, "తిడితే చీము పోదురా, కడిగితే పోద్ది" అనేది. ఒకరోజు కట్టు విప్పి, గుడ్డను వెలుతురుకు పట్టి చూసింది. తడి లేదు. "ఏమే, ఇటు రా! ఎండింది, చూడు!" అని మా ఆవిడను కేకేసి, నా మంచం మీదే కూలబడి ఏడ్చింది. అన్నాళ్లూ ఆమె కూడా భయపడిందని నాకప్పుడే తెలిసింది.

బుధవారం పాడె ఎత్తేటప్పుడు ముందు వైపు నేను భుజం పెట్టాను. మా ఆవిడ కంగారుగా నా ఛాతీ వంక చూసింది. సున్నం బట్టీల పక్క దారిలో, తెల్లటి దుమ్ములో, భుజం మార్చుకోకుండా చివరిదాకా నడిచాను.