గంగక్క తీసిన కమ్మలు

ఎడపల్లి దాటగానే బస్సు కిటికీలోంచి ఉడికిన వడ్ల వాసన వచ్చింది. పక్క సీటావిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. నాకు మాత్రం గంగక్క గుర్తొచ్చి ప్రాణం లేచొచ్చింది. బోధన్ దగ్గరి రైస్ మిల్లులో మా ఆడవాళ్లందరికీ ఆమే పెద్ద. మనిషి పొట్టి, గొంతు పెద్దది. ఆ గొంతు పుట్టుకతో వచ్చింది కాదనీ, మిషన్ల పక్కన ఏళ్ల తరబడి నిలబడితే వచ్చిందనీ నాకు తర్వాత తెలిసింది. అప్పటికే ఆమెకు ఎడమ చెవి పోయింది, కుడిచెవి పోయే దారిలో ఉంది.

నేను పెళ్లయిన కొత్తలో చేరాను. కొన్నాళ్లకే పని దిగి ఇంటికొచ్చినా చెవుల్లో గుయ్యిమని మోత ఆగేది కాదు. అందరిలాగే దూది పెట్టుకున్నాను. గంగక్క అది పీకి పారేసి, "దూదితోని మోత ఆగితె నా చెవులెందుకు పోతుండె?" అంది. చెవులను డిప్పల్లా కప్పే మఫ్‌లు మిల్లువాళ్లు ఇచ్చారు గానీ, అవి గోడకే వేలాడేవి. కమ్మల మీద బిగిస్తే వెనక మర గుచ్చుకుంటుంది. తీద్దామంటే ముత్తైదువ చెవులు బోసిగా ఉండకూడదాయె. మా అత్తయితే ఏకంగా మొగుడి ఆయుష్షుకే ముడిపెట్టింది.

ఒకరోజు గంగక్క అందరి ముందూ తన కమ్మలు తీసి కొంగున ముడేసుకుంది. ఆమె భర్త అక్కడే హమాలీ. బస్తా దించి నోరెళ్లబెట్టి చూశాడు. "గీయన పానం నా కమ్మలల్ల లేదు. మస్తుగున్నడు సూడుండ్రి," అని ఆమె మఫ్ తగిలించుకుంది. అందరూ నవ్వారు గానీ ఒక్కరూ కమ్మ మీద చెయ్యి వేయలేదు.

ఆ సాయంత్రం ఆమె మా ఇంటికే వచ్చింది. అత్త మొహంలోకే చూస్తూ చాలాసేపు ఊరి సంగతులు మాట్లాడింది. అత్త పొయ్యి వైపు తిరిగి, ఇంకాస్త చాయ్ పోయనా అని అడిగింది. గంగక్క పలకలేదు. మళ్లీ అడిగినా పలకలేదు. అత్త బిత్తరపోయి నావైపు చూసింది. నేను భుజం తట్టి చెబితే గంగక్క నవ్వింది. "నా మనుమడు ఏడ్సినా గింతే అక్కా, నాకు ఇనవడదు. రేపు నీ కోడలికీ పిల్లలైతరు," అంది. మర్నాడు పొద్దున నా కమ్మలు అత్తే స్వయంగా తీసి దేవుడి గూట్లో పెట్టింది. ఆ తర్వాత మిల్లులో ఒకరిని చూసి ఒకరు తీశారు.

ఈమధ్య నిజామాబాద్‌లో కూతురింట్లో ఉన్న గంగక్కను చూడబోయాను. ఇప్పుడు రెండు చెవులూ లేవు. నేను అరిచి అరిచి చెబుతుంటే నా నోటి మీద చెయ్యి పెట్టింది. "గొంతు సించుకోకు బిడ్డా. నాకు ఇనవడకుంటె మాయె, నీకు ఇనవడుతది గద," అంది. ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చేశాను.

మా చిన్నది మహా గడుసుది. పక్కగదిలో గొంతు తగ్గించి, అమ్మ వట్టి కోపిష్టిదని వాళ్లక్కకు నా మీద చాడీలు చెబుతుంటుంది. నేను వంటింట్లో గరిటె ఆపి, ఒక్క ముక్క పోనివ్వకుండా వింటాను. తిట్టడానికి నోరు రాదు. ఆ గుసగుసలు నాకు మిగిల్చింది గంగక్క.