కొబ్బరినూనె తాగిన బ్రేకు

మా ఊళ్లో ఇనుము ఎక్కువ రోజులు ఇనుములా ఉండదు. ఇంట్లో నుంచి సముద్రం కనిపించదు కానీ దాని ఉప్పుగాలి కిటికీ ఊచల్నీ గేటు గొళ్లేన్నీ వదలదు. అందుకే మా అత్తమ్మ వారానికోసారి గుడ్డపేలికను కొబ్బరినూనెలో ముంచి ఇల్లంతా తిరుగుతారు. కుట్టుమిషను, కత్తిపీట, తలుపు బందులు, ఆఖరికి గొడుగు కడ్డీ కూడా. ఆ చేతి చలవ వల్లే మా గేటు ఇంకా నిలబడి ఉంది.

మా అమ్మాయి నాలుగో తరగతి. బడికి వెళ్లాలంటే కాలవగట్టు ఎక్కి, అవతలి వాలులో దిగి, మెయిన్ రోడ్డు దాటాలి. వాలు సరిగ్గా రోడ్డు దగ్గరే ముగుస్తుంది. ఆ రోడ్డు మీద రొయ్యల లారీలు నీళ్లు కార్చుకుంటూ పోతుంటాయి. సైకిలు కొనేటప్పుడు నేను రంగు చూడలేదు, గంట చూడలేదు. వానలో కూడా గట్టిగా పట్టుకుంటుందని షాపులో చెబితే, డిస్కు బ్రేకున్న సైకిలే కావాలని పట్టుబట్టాను.

మొన్న శుక్రవారం సాయంత్రం పిల్ల చెప్పులు ముందువైపు అరిగిపోయి కనిపించాయి. ఏమైందని అడిగాను.

"బ్రేకు పట్టలేదు మా. కాళ్లతో ఆపినా."

"రోడ్డు మీదికి పొయ్యినావా?"

"కొంచెం."

ఆ 'కొంచెం' ఎంతో నేను మళ్లీ అడగలేకపోయాను.

సైకిలును వాకిట్లో తలకిందులుగా నిలబెట్టి చక్రం తిప్పి బ్రేకు నొక్కాను. చక్రం తాపీగా తిరుగుతూనే ఉంది. చక్రం మధ్యలో బ్రేకు పట్టుకునే ఇనుప బిళ్ల, ఆ డిస్కు మాత్రం అద్దంలా మెరుస్తోంది. వేలితో తడిమి వాసన చూస్తే కొబ్బరినూనె.

అత్తమ్మ దాచలేదు. "తుప్పు పడతా ఉండాదని నేనే రాసినా. వెనకది కూడా రాసినా. ఇనుముకు నూనె పెడితే తప్పేందిమ్మే?"

బ్రేకు పట్టేది ఆ బిళ్ల మీదేనని, నూనె ఉంటే జారిపోతుందని చెప్పాను. పిల్ల రోడ్డు దాకా పోయిన సంగతి కూడా చెప్పాను. ఆమె లోపలికి వెళ్లి, ఉతికిన తెల్లగుడ్డ తెచ్చి నా చేతిలో పెట్టారు.

మా ఆయన థర్మల్ ప్లాంటులో షిఫ్టులో ఉన్నారు. ఫోన్లో విని, ఇక ఆటోలో పంపుదామన్నారు. నాకూ అదే మేలనిపించింది. పక్కనే ఉన్న పిల్ల ముఖం చూసి, ముందు బాగు చేసి చూద్దామన్నాను.

మెడికల్ షాపులో స్పిరిట్ తెచ్చి, గుడ్డకు నలుపు అంటడం ఆగేదాకా రెండు డిస్కులూ తుడిచాను. అయినా జారింది. డిస్కును రెండువైపులా పట్టుకునే ప్యాడ్లు తీసి చూస్తే అవి కూడా నూనె తాగేశాయి. గరుకు కాగితంతో రుద్దినా పొడి మాత్రమే రాలింది, జిడ్డు పోలేదు. మర్నాడు మా ఆయన నెల్లూరు వెళ్లి కొత్త ప్యాడ్లు తెచ్చారు. డిస్కు మీద చెయ్యి పడకుండా వాటిని ఎక్కించి, కేబులు బిగించాను.

కొత్త ప్యాడ్లు వెంటనే గట్టిగా పట్టవు. కాస్త వేగంగా పోయి, మెల్లగా నొక్కి, పూర్తిగా ఆగకుండా మళ్లీ పోవాలి. అలా చాలాసార్లు చేయాలి. పిల్లను ఎక్కించే ధైర్యం లేక ఆ చిన్న సైకిలు నేనే ఎక్కాను. మోకాళ్లు హ్యాండిలుకు తగులుతుంటే వాకిలి నుంచి కాలవ దాకా తిరిగాను. అత్తమ్మ అరుగు మీద కూర్చుని నవ్వు ఆపుకోలేకపోయారు. నడుము పట్టేస్తే ఆ కొబ్బరినూనే రాస్తానన్నారు. మరి తుప్పు సంగతేమిటని కూడా అడిగారు. బ్రేకు వేసినప్పుడల్లా ప్యాడు రాసుకుని ఆ పైపై తుప్పు దానంతటదే పోతుందన్నాను. ఆమెకు నమ్మకం కుదిరినట్టు లేదు.

ఆదివారం పొద్దున గట్టు మీదికి వెళ్లాం. మా ఆయన వాలు కింద, రోడ్డుకు ఇవతలే అడ్డంగా నిలబడ్డారు. నేను పైన సైకిలు వెనక సీటు పట్టుకున్నాను.

"వదులు మా."

వదిలాను. సగం దిగేసరికి జడలు ఎగురుతున్నాయి. ఆ తర్వాత కీచుమని సన్నటి శబ్దం. రోడ్డుకు ఇంకా బోలెడంత దూరం ఉండగానే సైకిలు ఆగింది. పిల్ల నెమ్మదిగా కాలు కింద పెట్టింది. అప్పుడే ఒక లారీ దాని దారిన అది వెళ్లిపోయింది.

నేను గట్టు మీద గడ్డిలోనే కూర్చున్నాను. పిల్ల సైకిలు తోసుకుంటూ పైకొచ్చి, నన్ను పక్కకు జరగమని చెప్పి, మళ్లీ దిగింది. ఈసారి నేను సీటు పట్టుకోలేదు.