ఒకసారి బంద్ చేసి చూడాలె

మా కంప్యూటర్ గది మేడమ్ ఇక లేరని కిందటి నెల ఒక ఉదయం కాలేజీ అటెండరు మా గేటు దగ్గర సైకిల్ దిగకుండానే చెప్పాడు. "గుండెల నొస్తాందన్నదట అమ్మా. దవాఖానకు తీస్కపోయేటాల్లకే అయిపోయింది" అన్నాడు. సైకిల్ వెనక్కి తిప్పుకుంటూ, "కొత్త లైను సామాను నిన్ననే దిగింది. ఆమెకు చెప్దామనుకున్న" అని వెళ్లిపోయాడు. మా కంప్యూటర్లను హైదరాబాద్‌తో కలిపే లైను కోసం ఆమె ఏడాదికి పైగా ఎదురుచూసిన సామాను అది.

ఆమె నాకు బంధువు కాదు, క్లాసులో పాఠం చెప్పిన టీచరూ కాదు. డిగ్రీ అయ్యాక హన్మకొండలో మా కాలేజీ కంప్యూటర్ గదిలో సహాయకురాలిగా చేరాను. ఆ గదికి ఆమె ఇన్‌ఛార్జి. చేరిన రోజు ఆమె ఏదో అడిగితే లేచి నిలబడి, చేతులు కట్టుకుని, తల మాత్రం ఊపాను.

"కాన్వెంటా?" అని అడిగారు. మళ్లీ తల ఊపాను.

"మీ సిస్టర్లు నోరు మూసుకునుడు, చేతులు కట్టుకునుడు మంచిగ నేర్పిండ్రు. రెండూ ఈ గదిల పనికిరావు బిడ్డా. కూసో."

డెబ్బైలలో ఆమె వరంగల్ ట్రంక్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరు. వర్ధన్నపేట నుంచి ఎవరైనా బొంబాయికి ఫోన్‌లో మాట్లాడాలంటే ఆ పిలుపు ముందు ఆమె బోర్డు దగ్గరికి వచ్చేది. ఆమె తీగ అందుకుని హైదరాబాద్ బొక్కలో గుచ్చేవారు. అక్కడి ఆపరేటరు దాన్ని ఇంకో ఊరికి అందించేది. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా డిగ్రీ కట్టి, తర్వాత కంప్యూటర్లు నేర్చుకుని మా కాలేజీకి వచ్చారు. అందుకే రూటర్ అనే పెట్టె మా గదికి వచ్చినప్పుడు అందరం దాన్ని వింతగా చూశాం గానీ, ఆమె మాత్రం పాత పరిచయస్థుణ్ణి చూసినట్టు చూశారు.

"గిది నేను చేసిన పనే చేస్తది. నాకంటె జల్ది చేస్తది, నా లెక్క విసుక్కోదు" అన్నారు.

ఒక కంప్యూటర్ ఇంకో కంప్యూటర్‌కు పంపే సమాచారం చిన్న చిన్న మూటలుగా వస్తుందని, ప్రతి మూట మీదా చేరవలసిన చిరునామా ఉంటుందని ఆమే నాకు చెప్పారు. పెట్టె ఆ చిరునామా చూస్తుంది. తన దగ్గరున్న దారుల పట్టికతో పోల్చి, ఏ తీగలోంచి పంపాలో ఆ తీగలోకి వదులుతుంది. మొత్తం దారి దానికి తెలియనక్కర్లేదు. పక్క మజిలీ ఏదో తెలిస్తే చాలు. పట్టికలో లేని చిరునామా వస్తే అన్నిటినీ ఒకే వైపు పంపమని ముందే చెప్పి పెట్టుకోవచ్చు. మాకు అది హైదరాబాద్ వైపు.

"మూటల ఏమున్నదో చూడదా మేడమ్?" అని అడిగాను. ఆ గదిలో నేను అడిగిన మొదటి ప్రశ్న అదే అనుకుంటాను.

"ఎందుకు చూడాలె? ఊరి పేరు చాలు. ఆలుమగలు ఏం కొట్లాడుకుంటాండ్రో ఆపరేటరుకెందుకు?" అని నవ్వారు. ఎక్స్‌ఛేంజిలో అన్నేళ్లు పనిచేసినా ఆమె నోట ఎవరి ఇంటి మాటా నేను వినలేదు.

స్విచ్ వేయగానే పెట్టె పని మొదలుపెట్టదు. ముందు తన ఒళ్లు తానే తడిమి చూసుకుంటుంది. తర్వాత తనను నడిపే ప్రోగ్రామును ఎక్కించుకుంటుంది. ఆ తర్వాత మనం సేవ్ చేసి ఉంచిన సెట్టింగులు చదువుతుంది: తన చిరునామా ఏమిటి, ఏ తీగకు అవతల ఎవరున్నారు, ఎవరికి ఏ దారి. అంతా అయ్యాకే ముందువైపు దీపాలు స్థిరంగా వెలుగుతాయి. చిక్కల్లా ఒకటే. మనం కొత్తగా ఏదైనా మార్చితే అది వెంటనే అమల్లోకి వస్తుంది, పని జరుగుతూనే ఉంటుంది. కానీ విడిగా సేవ్ చేయకపోతే కరెంటు పోయినప్పుడు ఆ మార్పు కూడా పోతుంది. మా ఊళ్లో ఎండాకాలం కరెంటు సంగతి తెలిసిందే.

అందుకని ఆమెకు ఒక అలవాటు ఉండేది. ఏది మార్చినా, సేవ్ చేసి, చక్కగా నడుస్తున్న పెట్టెను తన చేత్తో ఆర్పేవారు. మళ్లీ వేసి, దీపాలన్నీ వచ్చేదాకా పక్కనే నిలబడేవారు. అటెండరుకు అది చాదస్తంగా కనిపించేది.

"నడుస్తాంది కద మేడమ్, ఎందుకు బంద్ చేసుడు?"

"నడుస్తున్నప్పుడే బంద్ చేసి చూడాలె. మనం నిలబడి ఉన్నప్పుడు మరిచిపోతే మళ్ల చెప్తం. మనం లేనప్పుడు మరిచిపోతే ఎవరు చెప్తరు?"

అప్పటి హైదరాబాద్ లైను మాకు కొన్నాళ్లు నడిపి చూడమని ఇచ్చినది. ఇచ్చినవాళ్ల కమిటీ వచ్చి చూసి సరేనంటే ఉంటుంది, లేకపోతే తీసేస్తారు. తీసేస్తే ఆ గదిలో ఆమెకు పని ఉండదు, పరీక్షల విభాగంలో మార్కులు టైపు చేయడానికి పంపుతారు. ఇది అందరికీ తెలుసు. కమిటీ వచ్చే రోజు ఉదయం ఆమె లైబ్రరీ భవనాన్ని కూడా ఆ పెట్టెకు కలిపారు. లైబ్రరీలో కూర్చుని హైదరాబాద్‌తో మాట్లాడవచ్చని వచ్చినవాళ్లకు చూపించాలని ఆమె ఆశ. దారి చెప్పారు. పనిచేసింది. ఆమె ముఖం చిన్నపిల్ల ముఖంలా అయింది.

అంతలో కమిటీ అనుకున్నదానికన్నా ముందే వచ్చింది. మా విభాగం పెద్దసారు తలుపులోంచి తొంగిచూశారు. మంచి మనిషే. "మేడమ్, జర చాయ్, సమోసాల సంగతి చూస్తరా? వీళ్లంత ఆగం చేస్తాండ్రు" అన్నారు.

ఆమె కీబోర్డు మీది చేతులు తీసి లేచారు. "ఈడనే ఉండు బిడ్డా. ఎవర్నీ ముట్టనియ్యకు" అని నాతో చెప్పి క్యాంటీన్ వైపు నడిచారు. నేను అలాగే కాపలా ఉన్నాను.

కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగి, కొంతసేపటికి మళ్లీ తిరిగాయి. పెట్టె ఎప్పటిలాగే లేచింది, దీపాలన్నీ వెలిగాయి. ఏ లోటూ నాకు కనిపించలేదు. అటు లైబ్రరీలో మాత్రం అతిథుల ముందు తెర మూగబోయింది. తీగ తెగిందనుకుని మనుషులు అటూ ఇటూ పరుగులు పెట్టారు. మేడమ్‌ను పిలవాలని ఎవరికో తోచేసరికి చాలా ఆలస్యమైంది. ఆమె చాయ్ తట్ట చేతిలో ఉండగానే వచ్చి తెర వైపు చూశారు. తట్ట నాకిచ్చి నాలుగు ముక్కలు టైపు చేశారు. లైబ్రరీ కలిసింది. కానీ కమిటీ జీపు అప్పటికే కాజీపేట స్టేషన్ దారి పట్టింది.

సాయంత్రం అందరూ వెళ్లాక ఆమె కుర్చీలో అలాగే కూర్చున్నారు. నేను కరెంటును ఏదో అన్నాను.

"కరెంటు ఏం చేసిందమ్మా? సేవ్ చెయ్యకుంట లేసిన. చాయ్ చూడమన్నరని కాదు నా బాధ. అడగంగనే లేసిన. ఒక్క నిమిషం ఆగుండ్రి సార్ అంటే అయిపోతుండె. ఆ మాట నోట్లకెల్లి రాలే."

కమిటీ వద్దన్న ఆ లైను తీయడానికి ఇంకొన్ని వారాలు పట్టింది. అన్ని రోజులూ పెట్టె పని నాతోనే చేయించారు. నేను మార్చి, సేవ్ చేసి, స్విచ్ మీద చెయ్యి పెట్టి ఆమె వైపు చూసేదాన్ని. ఆమె కావాలనే కిటికీ వైపు తిరిగి నిలబడేవారు. "నన్నెందుకు చూస్తానవ్? నువ్వే బంద్ చెయ్, నువ్వే నిలబడు" అనేవారు.

పరీక్షల విభాగంలో ఆమె బల్ల గోడ వైపు ఉండేది. మధ్యాహ్నం డబ్బా తీసుకుని అక్కడికే వెళ్లి తినేదాన్ని. "పెట్టె ఎట్లున్నది? చెమ్మ పట్టనియ్యకు. అప్పుడప్పుడు వేసి చూడు" అనేవారు. కొత్త లైను మంజూరైందని తెలిసిన రోజు మేడమ్ అటెండరు ఎదుటే నాతో అన్నారు, "మొదటి రోజు నేను వచ్చి కూసొని చాయ్ తాగుత. పని నువ్వు చెయ్."

"సరే మేడమ్, మొదటి గ్లాసు మీకే" అన్నాడు అటెండరు.

ఆమె పోయిన రోజు సుబేదారిలో వాళ్లింటికి వెళ్లి మళ్లీ చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆమె ఉంటే వెక్కిరించేవారు. నాకు ఇన్ని నేర్పిన మనిషి చివరి ఏడాదంతా గోడ వైపు తిరిగి మార్కులు టైపు చేశారన్నది ఇంకా మింగుడు పడదు.

మొన్న లైను వచ్చింది. పెట్టెకు దారులన్నీ చెప్పాను. హైదరాబాద్ పలికింది, లైబ్రరీ పలికింది. గది నిండా మనుషులు. పెద్దసారు సంతోషంగా, "అయిపాయె కదమ్మా, రా, చాయ్ తాగుదాం" అన్నారు.

"ఒక్క నిమిషం ఆగుండ్రి సార్" అన్నాను. గొంతు చిన్నగానే వచ్చింది, కానీ వచ్చింది. సేవ్ చేసి, స్విచ్ ఆర్పాను. ఎవరో అయ్యో అన్నారు. మళ్లీ వేశాను. పెట్టె తనను తాను తడుముకుంటోంది. అటెండరు ఒక చాయ్ గ్లాసు తెచ్చి ఆమె పాత కుర్చీ ముందు బల్ల మీద పెట్టి పక్కకు జరిగాడు. నేను దీపాల కోసం నిలబడ్డాను. ఒకటి వచ్చింది, ఇంకొకటి వచ్చింది. చివరిది వచ్చేసరికి ఆ చాయ్ మీద పలచగా మీగడ కట్టింది.