ఆకు వెనక ఎర్రపొడి

సోయా చిక్కుడు వేసినవాళ్లకు ఏ అనుమానం వచ్చినా, ఊళ్లో అందరూ ఓ ఆకు తెంపుకుని డాక్టరమ్మ గుమ్మం ఎక్కేవాళ్లు. చదువు ఏడో తరగతితోనే ఆగినా, ఇరవై ఆరేళ్లుగా అదే పంట పండిస్తోంది కాబట్టి అందరికీ ఆవిడ డాక్టరమ్మ. ఆ పిలుపంటే ఆవిడకు లోలోపల మహా ఇష్టం.

పూత మొదలైన వారం ముసురు పట్టింది. ఓ పొద్దున్న తోడికోడలు సంచిలో నాలుగు ఆకులు తెచ్చింది.

"అక్కా, మొక్కల అడుగున ఆకులు పసుపెక్కుతున్నాయి. గోధుమ రంగు చుక్కలు కూడా ఉన్నాయి."

డాక్టరమ్మ ఒక కన్ను పొయ్యి మీది పాలగిన్నె మీదే ఉంచి, ఆకును పైపైన చూసింది.

"అడుగాకులకు ఎండ ఏదీ? వయసైపోయి రాలతాయి. నీకు ప్రతిదానికీ కంగారేనే!"

తోడికోడలు నవ్వేసి వెళ్లింది. అక్క చెప్పాక ఇంకేముంది!

రెండు వారాల తర్వాత డాక్టరమ్మ తన పంపు దగ్గరకు అడ్డదారిన, తోడికోడలి చేలోంచి నడిచింది. గట్టెక్కి కిందకు చూసుకుంది. మోకాళ్ల దాకా బట్టలు ఇటుక రంగుకు తిరిగాయి. దులిపితే చేతికి ఎర్రటి పొడి. వంగి ఓ ఆకు తిప్పి చూసింది. వెనకంతా సన్నటి పొక్కులు, వేలితో రుద్దితే అదే పొడి. పరుగున తన చేలోకి పోయి ఆకులు తిప్పింది. అక్కడా ఉన్నాయి, కాకపోతే అడుగాకులకే, అక్కడక్కడా.

కబురు పంపితే మధ్యాహ్నం వ్యవసాయ అధికారిణి వచ్చి భూతద్దం పెట్టి చూసింది. "తుప్పు తెగులు. బూజు జాతిది, గాలికి ఎగిరొస్తుంది. తడి, చల్లదనం దొరికితే ఇక పట్టపగ్గాలుండవు. మొదట ఎప్పుడు కనబడింది?"

తోడికోడలు నేల చూపులు చూసింది.

"పూతప్పుడే. నాకే తెచ్చి చూపించింది," అంది డాక్టరమ్మ. "నేనే ఏం లేదన్నాను."

"ఆకు వెనక చూశారా?"

చూడలేదు. ఇరవై ఆరేళ్ల అనుభవం ఉండీ ఆకు తిప్పలేదు.

మర్నాడే డాక్టరమ్మ చేనుకు మందు కొట్టారు. గొట్టం కిందికి వంచి, అడుగాకులు తడిసేలా. పదిహేను రోజులకు మరో రకం మందు. ఒకటే వాడితే తెగులు దానికి అలవాటు పడుతుందని అధికారిణి చెప్పింది. ఆ చేను గట్టెక్కింది. తోడికోడలి చేలో మాత్రం అప్పటికే తెగులు ముదిరి, ఆకు ముందే రాలిపోయి, కాయల్లో గింజ సగానికి సగం తాలుపోయింది.

నెల రోజులు ఆమె అక్క గడప తొక్కలేదు. చివరికి డాక్టరమ్మే వెళ్లింది.

"తిట్టవే, నాలుగు తిట్టు. ఈ మౌనం భరించలేను."

"నీ మీద కోపం కాదక్కా," అంది తోడికోడలు, చేటలో తాలు ఏరుతూ. "ఆకు వెనక పొక్కులు ఆ రోజే నా కంటికి కనబడ్డాయి. నువ్వు ఏం లేదన్నావని, లేవనుకున్నాను. అది తల్చుకుంటేనే భయంగా ఉంది."

డాక్టరమ్మ పక్కన కూలబడి తనూ తాలు ఏరింది.

మరుసటి పంటకు పూత రాకముందు నుంచే వారానికి రెండుసార్లు ఇద్దరూ రెండు చేలూ తిరిగారు. ఆకులు తిప్పేది తోడికోడలు. డాక్టరమ్మ వెనక నడుస్తూ, అడిగితే తప్ప నోరు విప్పేది కాదు.