బంద్ రోజు చంద్రుడి ప్రశ్నలు

జెండా ఎందుకు ఊగింది? ఫొటోల్లో చుక్కలు ఎందుకు కనిపించలేదు? అంత దూరం వెళ్లినవాళ్లు ఒంటికీ రెంటికీ ఏం చేశారు? అసలు నిజంగా వెళ్లారా? రోజంతా ఇవే ప్రశ్నలు. గాలి లేని చోట జెండా ఎలా ఊగిందో ఎన్నిసార్లు రాశానో లెక్క లేదు. పైన అడ్డంగా ఒక కడ్డీ ఉందనీ, కర్రను నేలలో గుచ్చుతూ మెలితిప్పితే గుడ్డ కదిలిందనీ, ఆపడానికి గాలి లేదు కాబట్టి కాసేపు ఊగుతూనే ఉందనీ రాసేదాన్ని. పంపిన మరుక్షణం ఇంకొకరు అదే అడిగేవారు, అదీ మా దొంగతనం ఏదో పట్టేసినట్టు. మొదట్లో కోపం వచ్చేది. పోను పోను కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేకపోయింది.

మా ఆఫీసు మాదాపూర్‌లో ఉండేది. పరాయి దేశపు సైన్స్ వెబ్‌సైటుకు జనం పంపే ప్రశ్నలకు ఇంగ్లీషులో జవాబులు రాయడం మా పని. చంద్రుడి మీదికి మనుషులు చేసిన ప్రయాణాలు, వాళ్లు వెళ్లిన నౌకలు నాకూ, నా పక్క సీటు అమ్మాయికీ వాటాకొచ్చాయి. నాది కడప వైపు. ఆమెది పుప్పాలగూడ పాత ఊరు. నేను అద్దెకున్న అపార్ట్‌మెంటూ పుప్పాలగూడలోనే. అది లేచిన చోట ఒకప్పుడు వాళ్ల చిన్నాయన జొన్న వేసేవాడట. ఆ మాట ఆమె నిష్ఠూరంగా అనలేదు, ఎవరికో దారి చెప్పినట్టు చెప్పింది.

ఆమెకు నచ్చిన ప్రశ్న ఒక్కటే. ఇద్దరు చంద్రుడి మీద దిగి నడుస్తుంటే మూడో మనిషి నౌకలోనే ఉండి పైన చుట్టూ తిరుగుతుంటాడు కదా, అంత దూరం వచ్చి దిగలేకపోయినందుకు అతనికి బాధ లేదా? ప్రతి ఒక్కరి పనీ ముఖ్యమే అని మా దగ్గర ఖాయం చేసిన జవాబు ఉండేది.

"గిది జవాబు గాదక్కా, ఓదార్పు" అనేది ఆమె.

"ఇంగ చాల్లే మే, పంపించు" అనేదాన్ని నేను.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. నెల తిరక్కుండా బంద్ వచ్చేది. బంద్ అంటే మాకు సెలవు కాదు. ఆ రోజు రాకపోతే శనివారం వచ్చి పని తీర్చాలి. అందుకని తెల్లవారగానే క్యాబులు వచ్చేవి. డ్రైవరు కంపెనీ స్టిక్కరు పీకేసి, అద్దానికి జై తెలంగాణ కాగితం అంటించేవాడు. దీనికి తోడు మా టీమ్ లీడ్ బుర్రలో ఇంకో ఏర్పాటు పుట్టింది. ప్రతి క్యాబులో ముందు సీటు తెలంగాణ వాళ్లది. ఎవరైనా ఆపితే అద్దం దించి మాట్లాడాల్సింది వాళ్లే. వెనక కూర్చున్న కోస్తావాళ్లం, సీమవాళ్లం మాత్రం నోరు మెదపకూడదు. నోరు తెరిస్తే ఊరు తెలిసిపోతుంది మరి. మా క్యాబులో ముందు సీటు ఆమెకు పడింది.

అంత తెలివిగల లీడ్‌కు ఒకటి తట్టలేదు. మా దారిలో క్యాబు ఆపేది ఆమె ఊరివాళ్లే. పుప్పాలగూడ మలుపులోనే వాళ్ల దీక్ష టెంటు. ఆ టెంటులో ముందు వరసలో కూర్చునేది ఆమె తండ్రి.

"పెద్దనాయినా, జర పోనియ్యుండ్రి, పనికి పోతున్నం" అని టెంటులో ఓ పెద్దాయనను అడిగేది ఆమె. వాళ్లు జరిగి దారిచ్చేవారు. తండ్రి మాత్రం మొహం అటు తిప్పుకునేవాడు. నీ బిడ్డే వచ్చి ఆంధ్రావాళ్లకు దారి అడుగుతుంటే నువ్వేం కొట్లాడతావయ్యా అని దసరా ముందు ఎవరో నవ్వారట. అప్పటినుంచీ మాట బంద్. దసరానాడు ఆమె జమ్మి ఆకు చేతిలో పెట్టి కాళ్లకు మొక్కితే ఆకు తీసుకున్నాడు గానీ పెదవి విప్పలేదు. ఏదైనా ఉంటే తల్లితో చెప్పించేవాడు.

"నాకు మాత్రం తెలంగాణ వద్దా అక్కా? నౌకరి ఇడిస్తే ఇల్లు గడవది. ఇడువకపోతే నాయిన మాట్లాడడు. ఏం జెయ్యాలె?" అని ఒకరోజు క్యాంటీన్‌లో అడిగింది. ఆమె ప్లేటులోకి నా పెరుగు వంచాను.

చలికాలంలో మళ్లీ బంద్ వచ్చింది. ఆరోజు క్యాబుకు అడ్డంగా వచ్చి నిలబడింది ఆమె తండ్రే. కూతురి వైపు చూడకుండా డ్రైవర్‌తో అన్నాడు.

"అడుగు, ఒక్క దినం ఆగరాని పని ఏముంటది గా ఆఫీసుల?"

ఆమె తలుపు తీసుకుని దిగింది.

"చంద్రుని మీదికి పోయినోళ్ల గురించి అడుగుతరు. మేం జెప్తం" అంది.

టెంటు మొత్తం గొల్లున నవ్వింది. ఎవరో లేచి, "నిజంగనే పోయిండ్రా? అంత సిన్మా అంటరు గద?" అన్నాడు. ఇంకొకాయన, "గాలే లేదంటరు, మరి జెండ ఎట్ల ఊగె?" అన్నాడు. వెనక సీటులో నేను తల పట్టుకున్నాను. ఇక్కడ కూడానా దేవుడా అనిపించింది.

ఆమె టెంటుకు కట్టిన జెండా విప్పింది. కర్రను నేలకు ఆనించి మెలితిప్పుతూ వివరంగా చెప్పింది. నేను రాసి రాసి విసిగిపోయిన జవాబే అది. వాళ్ల యాసలో వింటే నాకే కొత్తగా, బాగా అనిపించింది. ఒక ముసలమ్మ ఒంటికీ రెంటికీ సంగతి అడిగితే, సంచుల్లో పట్టుకునేవాళ్లని కూడా చెప్పింది. ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. తర్వాత ఇద్దరు దిగడం, ఒక్కడు పైనే ఉండిపోవడం చెప్పింది.

అప్పుడు ఆమె తండ్రి నోరు తెరిచాడు.

"పైన ఒక్కడే ఉన్నోనితోని ఎవలు మాట్లాడుతరు?"

ఆమె తడబడింది. "భూమ్మీదికెల్లి మాట్లాడుతనే ఉంటరు నాయినా. చంద్రుని ఎనుకకు పోయినప్పుడే ఏం ఇనవడదు. అప్పుడు ఎవ్వలు మాట్లాడరు."

"ఎంతసేపు?"

"ముప్పావు గంటనుకో. మల్ల ఇవతలికి వస్తే ఇనవడతది."

"గంతేనా" అన్నాడు ఆయన.

"గంతే. నువ్వైతే దసరా సంది మాట్లాడలే నాయినా."

ఆమె ఏడవలేదు. జెండా కర్ర పట్టుకుని అలాగే నిలబడింది. ఆయన భుజం మీది తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. తర్వాత డ్రైవర్‌కు చేత్తో సైగ చేసి మా క్యాబును పొమ్మన్నాడు. ఆమె లేకుండానే క్యాబు కదులుతుంటే అద్దం దించి వెనక్కి చూశాను. ఆయన చాప మీద ఒక పక్కకు జరిగి, ఆమెకు చోటు చూపిస్తూ అడుగుతున్నాడు.

"పొద్దుగాల ఏమన్న తిన్నవా బిడ్డా?"